సీసా ధరలో రుచి వాటా ఎంత?

2017లో స్విట్జర్లాండులోని సెయింట్ మోరిట్జ్‌లో ఒక హోటలు బారుకి చైనా రచయిత ఒకాయన వచ్చాడు. వందల రకాల విస్కీలున్న బారు అది. వాటిలో 1878 నాటి మెకాలన్ అని లేబులు ఉన్న, అప్పటిదాకా మూత తియ్యని సీసా ఒకటుంది. అందులోంచి రెండు సెంటీలీటర్లు, అంటే మన చిన్న పెగ్గు కన్నా తక్కువ, పోయించుకుని 9,999 స్విస్ ఫ్రాంకులు చెల్లించాడు. ఈ సంగతి పత్రికలకెక్కింది. ఫొటోల్లో బిరడా, లేబులు చూసిన నిపుణులకి అనుమానం వచ్చింది. నమూనా ఆక్స్‌ఫర్డ్ వెళ్ళింది. 1970కీ 1972కీ మధ్య తయారైన సరుకు అయ్యే అవకాశం 95 శాతం అని తేలింది. ఇంకో ప్రయోగశాల మరో ముక్క చెప్పింది: అది అసలు సింగిల్ మాల్టే కాదు. మాల్టు విస్కీ అరవై పాళ్ళు, మామూలు ధాన్యపు విస్కీ నలభై పాళ్ళు కలిపిన బ్లెండు. హోటలు వాళ్ళు పాపం మొత్తం డబ్బు వెనక్కి ఇచ్చేశారు.

ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు ఏళ్ళు లెక్కకట్టింది కార్బన్-14తో. 1950ల్లో, 60ల మొదట్లో దేశాలు పోటీపడి ఆరుబయట అణుబాంబులు పేల్చాయి. గాలిలో ఈ రేడియోధార్మిక కార్బన్ దాదాపు రెట్టింపయింది. ఆ తరవాత ఏటేటా తగ్గుతూ వచ్చింది. బార్లీ మొక్క ఏ ఏడాది పెరిగితే ఆ ఏటి గాలినే పీలుస్తుంది. ఆ కార్బనే గింజలో పిండి అవుతుంది, పిండి చక్కెర అవుతుంది, చక్కెర ఆల్కహాలు అవుతుంది. సీసాకి ఎంత పాత లేబులైనా అతికించవచ్చు గాని, లోపలి ఆల్కహాలు పుట్టిన సంవత్సరాన్ని మార్చలేం. 2018లో స్కాట్లాండులోని ప్రయోగశాలలో 55 అపురూపమైన సీసాలని ఇలాగే పరీక్షిస్తే, 21 సీసాలు నకిలీలు, లేదా చెప్పిన ఏడాదిలో తయారు కానివి అని తేలింది.

ఈ సీసాలని కొన్నవాళ్ళు, అమ్మినవాళ్ళు తెలివితక్కువవాళ్ళేమీ కారు. ధర ఒక దారిన, రుచి ఒక దారిన నడుస్తాయనే దానికి ఇది కాస్త ఖరీదైన రుజువు, అంతే. మనలాంటివాళ్ళకి లక్షల సీసాలతో పనిలేదు. కానీ వైన్ షాపులో రెండు వేల సీసా పక్కన ఆరు వేల సీసా ఉన్నప్పుడు, ఆ మిగతా నాలుగు వేలు ఎందుకు ఇస్తున్నామో తెలుసుకోవడానికి కొంచెం రసాయనశాస్త్రం చాలు.

బట్టీ దగ్గర మొదలుపెడదాం. బార్లీని నానబెట్టి మొలకెత్తిస్తారు. మొలకలో పుట్టే ఎంజైములు పిండిని చక్కెరగా విడగొడతాయి. దాన్ని ఆరబెట్టి, మరపట్టి, వేడినీళ్ళలో కలిపి తీసిన తియ్యని రసాన్ని ఈస్టు పులియబెడుతుంది. అరటిపండు వాసన, ఆపిల్ వాసన ఇచ్చే ఎస్టర్లు ఇక్కడే పుడతాయి. పులిసిన రసాన్ని రాగి బట్టీలో రెండుసార్లు కాచి దించుతారు. రాగి ఎందుకంటే అది గంధకపు సమ్మేళనాలని పట్టేసుకుంటుంది. రాగి లేకపోతే ఉడికిన క్యాబేజీ కంపు సీసా దాకా వచ్చేస్తుంది. మొలకలని పీట్ అనే బురదనేల మన్ను పొగమీద ఆరబెడితే ఫీనాళ్ళు పట్టుకుని, ఐలా దీవి విస్కీల్లో ఉండే ఆ ఆసుపత్రి వాసన, కాలిన కట్టె వాసన వస్తాయి. బట్టీ నుంచి దిగే ఈ సరుకు నీళ్ళలా తెల్లగా ఉంటుంది. ఇక్కడిదాకా అయ్యే ఖర్చు పెద్ద సీసా ధరలో చాలా చిన్న ముక్క.

అసలు ఖర్చు పీపాది, కాలానిది.

పీపా చేసేది ఓక్ చెక్కతో. అమెరికా తెల్ల ఓక్ చెక్కలో రంధ్రాలని చెట్టే లోపలినుంచి పూడ్చుకుంటుంది, అందుకే పీపా కారదు. పలకలని వంచి బిగించి, లోపలివైపు నిప్పుతో కాలుస్తారు. ఆ మంటలోనే సగం విస్కీ తయారవుతుంది అంటే అతిశయోక్తి కాదు. చెక్కలోని లిగ్నిన్ వేడికి విరిగి వెనిలిన్ పుడుతుంది, మన ఐస్‌క్రీము వెనిల్లా వాసన అదే. హెమిసెల్యులోజ్ చక్కెరలుగా విడిపోయి మాడి పాకం వాసన, వేయించిన వాసన వస్తాయి. ఓక్ లాక్టోన్ల వల్ల కొబ్బరి వాసన. అడుగు పొరల్లోంచి దిగే టానిన్ల వల్ల కాస్త వగరు. పైన మసి పట్టిన పొర మాత్రం ఇచ్చేది తక్కువ, లాగేసుకునేది ఎక్కువ. బట్టీలో మిగిలిపోయిన గంధకాన్ని ఆ బొగ్గు పీల్చేస్తుంది. ఈలోగా పలకల సందుల్లోంచి గాలి లోపలికి చొరబడి ఆల్కహాలుని కొంచెం కొంచెంగా ఆమ్లాలుగా మారుస్తుంటుంది, ఆ ఆమ్లాలు మళ్ళీ ఆల్కహాలుతో కలిసి కొత్త ఎస్టర్లుగా మారుతుంటాయి.

బర్బన్ చేసే అమెరికావాళ్ళకి చట్టం ఒక షరతు పెట్టింది: లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే పెట్టాలి. ఒకసారి వాడిన పీపా వాళ్ళ బర్బన్‌కి పనికిరాదు. వాటిని స్కాట్లాండువాళ్ళు కొనుక్కుంటారు. ఒకసారి మరిగించిన టీపొడిని రెండోసారి, మూడోసారి వాడినట్టే ఇదీ. మొదటిసారి నింపిన పీపా ఐదారేళ్ళలో ఇచ్చే రుచిని, మూడోసారి నింపిన పీపా పద్దెనిమిదేళ్ళు ఉంచినా ఇవ్వకపోవచ్చు. లేబులు మీద సంవత్సరాలు పెద్ద అక్షరాల్లో ఉంటాయి, పీపా ఎన్నోసారి వాడింది అన్నది చాలామంది రాయనే రాయరు. నన్నడిగితే ఆ రెండో సంగతే ముఖ్యం.

పీపా పరిమాణం కూడా అంతే. బర్బన్ పీపా దాదాపు 200 లీటర్లు, షెర్రీ వైన్ పెట్టే పెద్ద పీపా 500. పీపా చిన్నదయ్యేకొద్దీ ప్రతి లీటరుకీ తగిలే చెక్క పెరుగుతుంది. పొడవు వెడల్పులు సగం చేస్తే లీటరుకి తగిలే చెక్క రెట్టింపవుతుంది. లాఫ్రోయిగ్ వాళ్ళు క్వార్టర్ కాస్క్ అని చేసే రకంలో చివర్లో సరుకుని చిన్న పీపాల్లోకి మార్చడం వెనక లెక్క ఇదే. వయసు రాయరు, 48 శాతానికి సీసాలో నింపుతారు, రుచికేం లోటు ఉండదు.

ఇక ఆవిరయ్యే సంగతి. పీపాలోంచి ఏటా కొంత గాలిలో కలుస్తుంది. దీన్ని దేవతల వాటా అంటారు. స్కాట్లాండు చలికి అది ఏడాదికి రెండు శాతం దాకా ఉంటుంది. బెంగళూరులో అమ్రుత్ కంపెనీ చెప్పే లెక్క పది పన్నెండు శాతం. 200 లీటర్ల పీపా పన్నెండేళ్ళు స్కాట్లాండులో ఉంచితే దాదాపు 157 లీటర్లు మిగులుతాయి. బెంగళూరులో ఏటా పది శాతం చొప్పున పోతే పన్నెండేళ్ళకి మిగిలేది 56 లీటర్లు. వేడికి చెక్కలోని రుచులు వేగంగా దిగుతాయి, పగలూ రాత్రీ వేడి తేడాకి సరుకు చెక్కలోకి వెళ్ళి వస్తూ ఉంటుంది. అందుకని మన దేశంలో నాలుగైదేళ్ళ విస్కీ, స్కాట్లాండులో పన్నెండేళ్ళ దానితో పోటీపడుతుంది. ఇంకా ఉంచితే చెక్క వగరు మీద పడిపోతుంది, పీపా ఖాళీ అయిపోతుంది. ఎనిమిదేళ్ళు ఉంచిన తమ విస్కీకి అమ్రుత్ వాళ్ళు ‘గ్రీడీ ఏంజెల్స్’ అని పేరు పెట్టుకున్నారు. దేవతలు అంత ఆశపోతులైతే పాపం కంపెనీ మాత్రం ఏం చేస్తుంది?

అమ్రుత్ తన సింగిల్ మాల్టుని మొదట బయటపెట్టింది బెంగళూరులో కాదు. 2004లో గ్లాస్గోలో. మన విస్కీని స్కాట్లాండుకి పట్టుకుపోవడమంటే దుర్యోధనుడి సభలో పెట్టినట్టే. ఆరేళ్ళు తిరక్కుండానే, విస్కీలకి మార్కులు వేసే జిమ్ ముర్రే 2010 గైడులో అమ్రుత్ ఫ్యూజన్‌కి ప్రపంచంలో మూడో స్థానం ఇచ్చాడు. 2015లో తైవాన్‌కి చెందిన కవలాన్ ‘వరల్డ్ విస్కీస్ అవార్డ్స్’లో ఉత్తమ సింగిల్ మాల్టుగా నిలిచింది. ఆ బట్టీలో తొలిసారి సరుకు దిగింది 2006లో. వయసుకీ రుచికీ ఉన్న ముడిని ఈ రెండూ కలిసి విప్పేశాయి.

చట్టం చెప్పే వయసు గురించి ఇంకో మాట. స్కాచ్ సీసా మీద 12 అని ఉంటే, అందులో కలిపిన వాటిలో అన్నిటికన్నా చిన్నదాని వయసు 12 అని అర్థం. దీన్ని ఎగతాళి చేయడానికే కంపాస్ బాక్స్ అనే సంస్థ 2016లో ఒక సీసా తెచ్చింది. పేరు ‘త్రీ ఇయర్ ఓల్డ్ డీలక్స్’. అందులో మూడేళ్ళ విస్కీ 0.4 శాతం. మిగతాదంతా అంతకన్నా ఎంతో ముదురు సరుకు. కానీ ఆ పిసరు వల్ల లేబులు మీద మూడేళ్ళనే రాయాలి. ధర మాత్రం మూడేళ్ళ విస్కీ ధర కాదు.

వయసుని నమ్మకపోతే మరేం చూడాలి? నేను మొదట చూసేది శాతం.

మన దేశపు విస్కీ సీసా ఒకటి చేతిలోకి తీసుకుని లేబులు మూలన చదవండి. 42.8 శాతం అని ఉంటుంది, పక్కనే ‘75 డిగ్రీల ప్రూఫ్’, ‘25 యూ.పీ.’ అని కూడా ఉండొచ్చు. యూ.పీ. అంటే రాష్ట్రం కాదు, ప్రూఫ్‌కి తక్కువ అని. బ్రిటిష్ పాత కొలతలో నూరు ప్రూఫ్ అంటే 57.1 శాతం ఆల్కహాలు. అందులో పాతిక తగ్గిస్తే 42.8. ఇంగ్లండులోనే ఆ కొలత మూలపడింది గాని మన లేబుళ్ళు ఇంకా వదల్లేదు. స్కాచ్‌కి చట్టం అడిగే కనీసం 40 శాతం. చాలా కంపెనీలు ఆ గీత మీదే ఆగిపోతాయి, ఎందుకంటే ఎంత నీరు కలిపితే అన్ని సీసాలు.

కానీ నీళ్ళు కలిపితే ఒక చిక్కు. పీపాలోంచి వచ్చిన సరుకులో నూనెలాంటి కొవ్వు ఎస్టర్లు ఉంటాయి. ఆల్కహాలు 46 శాతం కన్నా తగ్గినప్పుడు, చల్లబడినప్పుడు అవి నీళ్ళలో కరగలేక మబ్బులా తేలతాయి. ఐసు వేయగానే గ్లాసు మసకబారితే జనం కల్తీ అనుకుంటారు కదా. అందుకని కంపెనీలు సరుకుని చల్లబరిచి వడకట్టేస్తాయి. మబ్బుతోపాటు నోటికి తగిలే ఆ చిక్కదనం కూడా కొంత పోతుంది. 46 శాతం, ఆపైన ఉన్నవి మాత్రం చాలావరకు ఇలా వడకట్టకుండానే వస్తాయి. పైగా 750 మిల్లీలీటర్ల సీసాలో 40 శాతానికి 300 మిల్లీలీటర్ల ఆల్కహాలు, 46కి 345. నీళ్ళు మనింట్లో ఉచితం. ఆ పని కంపెనీ చేత చేయించి డబ్బు కట్టడం దండగ.

నీళ్ళు రుచిని చంపుతాయనేది పాత అపోహ. స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్‌సన్, ఫ్రీడ్‌మన్‌లు 2017లో కంప్యూటరు మీద ఈ అణువుల కదలికల్ని లెక్కగట్టారు. పొగ వాసనిచ్చే గ్వయకోల్ అనే అణువు, ఆల్కహాలు 45 శాతం లోపు ఉన్నప్పుడు ద్రవం పైపొరకి, అంటే మన ముక్కుకి దగ్గరగా చేరుతుంది. 59 శాతం దాటితే ఆల్కహాలు అణువులు చుట్టూ మూగి దాన్ని లోపలే పట్టి ఉంచుతాయి. కాబట్టి బలమైన సీసా కొని, రెండు చుక్కలు మన చేత్తో పోసుకోవడమే లాభం. రంగు చూసి మాత్రం మోసపోకండి. స్కాచ్‌లో మాడ్చిన చక్కెర రంగు కలపడానికి చట్టమే ఒప్పుకుంటుంది.

మన వైన్ షాపుల్లో గుట్టలుగా అమ్ముడయ్యే విస్కీల గురించి చెప్పకపోతే కథ సగమే అవుతుంది. వీటిలో చాలావరకు చెరకు మొలాసిస్‌తోనో, ధాన్యంతోనో తీసిన ఈ.ఎన్.ఏ. అనే ఆల్కహాలు ఉంటుంది. 96 శాతం దాకా శుద్ధి చేయడంతో దానికంటూ రుచి మిగలదు. అందులో కొంత మాల్టు, ఒక్కోసారి కొంత స్కాచ్, రంగు, సువాసన కలుపుతారు. ఐరోపాలో మొలాసిస్‌తో చేసినదాన్ని విస్కీ పేరుతో అమ్మనివ్వరు. ఇక్కడ అయిదారు వందల తేడాతో దొరికే రెండు సీసాల మధ్య నిజమైన తేడా ఆ మాల్టు ఎన్ని పాళ్ళు అన్నదే. అది లేబులు మీద దొరకదు. ఈ మెట్టులో ఖరీదైన బాటిలుకి, అట్టపెట్టెకి డబ్బు పెట్టడం కన్నా మెట్టు మార్చుకుని, తక్కువ తాగి, మన దేశపు సింగిల్ మాల్టు కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం. లివరుకి మాత్రం ఏ మెట్టూ తెలియదు. క్వార్టర్‌లోనైనా మెకాలన్‌లోనైనా ఇథనాల్ ఒకటే, అది విరిగి తయారయ్యే ఎసిటాల్డిహైడు ఒకటే.

ధర చూశాక నాలుక ఎందుకు మాట మారుస్తుందో కూడా పరీక్షించారు. 2008లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధనలో, వైన్ తాగేవాళ్ళ మెదడుని స్కానింగ్ యంత్రంలో చూశారు. ఒకే వైన్‌ని ఒకసారి 5 డాలర్లదని, ఇంకోసారి 45 డాలర్లదని చెప్పి ఇచ్చారు. ఎక్కువ ధర చెప్పినప్పుడు జనం బాగుందన్నారు. అంతేకాదు, హాయిని నమోదు చేసే మెదడు భాగంలో చురుకుదనం కూడా పెరిగింది. అంటే వాళ్ళు అబద్ధం చెప్పలేదు, వాళ్ళకి నిజంగానే బాగుంది! ఇది వైన్ సంగతే అయినా విస్కీ బారులో రోజూ జరిగేది ఇదే. ఖరీదైన సీసాలో దొరికే ఆ హాయి కూడా కొనుక్కున్నదే కదా అని వాదించేవాళ్ళున్నారు. కాదనను. దాన్ని రుచి అని పిలవకపోతే చాలు.

మన దగ్గర ధరలో ఇంకో పెద్ద ముక్క పన్నులది. విదేశీ స్కాచ్ మీద చాలాకాలంగా 150 శాతం కస్టమ్స్ సుంకం ఉంటూ వచ్చింది. 2025 జూలై 24న బ్రిటన్‌తో సంతకాలైన వాణిజ్య ఒప్పందంలో దాన్ని మొదట 75కి, తరవాత పదేళ్ళలో 40కి తగ్గించాలని రాసుకున్నారు. దాని మీద రాష్ట్రాల ఎక్సైజు పన్నులు వేరే. తెలుగు రాష్ట్రాల్లో ఎమ్మార్పీ కాబట్టి షాపులు తిరిగి బేరమాడే ప్రశ్నే లేదు. గోవాలో చవకని సంచిలో నాలుగు పెట్టుకొస్తే చెక్‌పోస్టు దగ్గర ఆ చవక కాస్తా బరువెక్కుతుంది. మిగిలింది విమానాశ్రయం. ప్రయాణికుడికి రెండు లీటర్లు డ్యూటీ ఫ్రీ.

అమెరికా నుంచి వచ్చే బావగారిని ఏం తెమ్మనాలి అన్నది మనవాళ్ళ ఇళ్ళలో ఏటా వచ్చే ప్రశ్న. నీలం లేబుల్ అనే ఖరీదైన స్కాచ్ అడగడం పరిపాటి. నేనైతే దాని ధరలో ముప్పాతిక మిగుల్చుకుని, లేబులు మీద ‘బాటిల్డ్ ఇన్ బాండ్’ అని రాసి ఉన్న బర్బన్ అడుగుతాను. కల్తీ సరుకు మీద విసిగి అమెరికా 1897లో చేసిన చట్టం అది: ఒకే బట్టీలో, ఒకే సీజన్‌లో కాచింది కావాలి, కనీసం నాలుగేళ్ళు పర్యవేక్షణ ఉన్న గోదాములో ఉండాలి, కచ్చితంగా 50 శాతానికి నింపాలి. అది దొరక్కపోతే వైల్డ్ టర్కీ 101, అది 50.5 శాతం. ఎయిర్‌పోర్టులో లీటరు సీసాల్లో దొరికే, బయట ఎక్కడా కనపడని పేర్లున్న స్కాచ్‌లని నేను ముట్టుకోను. పోల్చుకోవడానికి బయట ధరే ఉండదు, చాలావాటికి వయసు ఉండదు, శాతం నలభై. పైన పటారం, లోన లొటారం.

స్కాచ్‌లో నా లెక్కకి నిలిచేవి: పొగ ఇష్టమైతే ఆర్డ్‌బెగ్ పదేళ్ళది, 46 శాతం. పొగ అక్కర్లేకపోతే అదే ఐలా దీవిలోని బునహావెన్ పన్నెండేళ్ళది, 46.3 శాతం, రంగు కలపరు, చల్లబరిచి వడకట్టరు. షెర్రీ పీపాల ఎండుద్రాక్ష రుచి, చివర్లో చిన్న ఉప్పదనం. వీటి పక్కన ఇరవై ఏళ్ళు దాటిన సీసాలు పెట్టి నేను రుచి చూశాను. బాగున్నాయి, కానీ ధర ఎన్ని రెట్లు పెరిగిందో రుచి అన్ని రెట్లు పెరగలేదు. పదిమంది వచ్చినరోజు సోడాతో తాగడానికి మంకీ షోల్డర్ చాలు, వేర్వేరు మాల్టులు కలిపిన బ్లెండెడ్ మాల్టు అది, ధాన్యపు విస్కీ కలవదు. మన దేశంలో అమ్రుత్ ఫ్యూజన్ ఇంకా నాకు మొదటి స్థానమే. ఇక్కడి బార్లీ, స్కాట్లాండు పొగబెట్టిన బార్లీ రెండూ కలిపి 50 శాతానికి నింపుతారు. గోవాలో చేసే పాల్ జాన్ బ్రిలియన్స్ 46 శాతం, పొగ లేని తీపి. ఈ రెండింటికీ సముద్రం దాటే సుంకం లేదు.

ఇవన్నీ నా నాలుక మాటలు. మీ నాలుకని పరీక్షించుకోవడానికి ఆహార ప్రయోగశాలల్లో వాడే మూడు గ్లాసుల పద్ధతి ఒకటుంది. ఒకే ఆకారం గ్లాసులు మూడు తీసుకోండి. రెండింట్లో ఒక విస్కీ, మూడోదాంట్లో ఇంకోటి. పోసేవాడు వేరే మనిషై ఉండాలి. లైటు తగ్గిస్తే రంగు కనపడదు. వేరుగా ఉన్నది ఏదో చెప్పాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది. వరసగా మూడుసార్లు సరిగ్గా చెప్పగలిగితే అది అదృష్టమయ్యే అవకాశం ఇరవై ఏడింట ఒకటే. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు: రెండింటినీ ఒకే శాతానికి తేవాలి, లేకపోతే రుచి కాకుండా గొంతులో మంటే చెప్పేస్తుంది. 50 శాతం ఉన్నది 20 మిల్లీలీటర్లు పోస్తే, 5 మిల్లీలీటర్ల నీళ్ళు కలిపితే 40కి దిగుతుంది. మందుల సీసాతో వచ్చే చిన్న సిరంజి దీనికి బాగా పనికొస్తుంది. మూడు విడతలు దాటితే నాలుక మొద్దుబారుతుంది, నాలుగో విడత ఇంకోరోజు పెట్టుకోండి.